పాదువా తోటలో గురువారాలు

డబ్లిన్, కాలిఫోర్నియా
2008 అక్టోబర్ 16

శౌరీ,

సెప్టెంబర్ నెల ఉత్తరం అందింది. దానిమ్మ రంగు తిరిగిన తేదీ పుస్తకంలో ఎక్కించాను. అంజూరానికి తేదీ వెయ్యడం మర్చిపోయావు. ఈసారి రాయి.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. మొదటి నుంచి చెబుతాను.

నేను ప్రతి గురువారం మా ఊరి దగ్గరి పబ్లిక్ గార్డెన్‌కి వాలంటీర్‌గా వెళ్ళి కలుపు తీస్తానని, మొక్కల పేర్ల పలకలు తుడుస్తానని నీకు తెలుసు కదా. అక్కడ రికార్డులు చూసే ఆవిడ పేరు ప్యాట్. అరవై దాటిన మనిషి. గడ్డి టోపీ పెట్టుకుని తిరుగుతుంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. పోయినవారం బెంచీ మీద నా పుస్తకం పెట్టి గ్లవ్స్ తెచ్చుకోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ అందులో పేజీలు తిప్పుతోంది.

"ఏమిటిది గిరిజా? ఈ రెండు కాలమ్స్ ఏమిటి? షౌరీ అంటే ఎవరు?" అంది.

చెప్పాను. నేనూ, ఇప్పుడు కాన్వెంట్‌లో సిస్టర్ అయిన నా స్నేహితురాలు శౌరీ గుంటూరు ఉమెన్స్ కాలేజీలో బోటనీ చదివాం. ఇటలీలో పాదువా అనే ఊళ్ళో 1545లో గుండ్రటి గోడ కట్టి పెట్టిన తోట ఉందనీ, పెట్టినచోటే ఇప్పటికీ ఉందనీ మా లక్ష్మీకాంతం మేడమ్ క్లాసులో చెప్పారు. ఇరవై ఏళ్ళ తర్వాత నేను భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చేసరికి, తను ఆ పాదువాలోనే ముసలి సిస్టర్ల ఇంట్లో నర్సుగా ఉంది. తోటకి పది నిమిషాల నడక. నాకు ఉద్యోగం చేసే పర్మిషన్ లేదు. తనకి వారంలో గురువారం మధ్యాహ్నం ఒక్కటే సెలవు. రెండు తోటల్లోనూ ఉన్న మొక్కలు ఇరవై రెండని తేల్చుకున్నాం. గురువారం తను అక్కడ చూస్తుంది, నేను ఇక్కడ చూస్తాను. ఏ మొక్కకి మొదటి పువ్వు ఎప్పుడు కనబడిందో, కాయో ఆకో ఎప్పుడు రంగు తిరిగిందో రాసుకుంటాం. తను నెలకోసారి ఉత్తరంలో పంపుతుంది. 2002 జనవరి నుంచి నడుస్తోంది.

"ఒక్క నెల కూడా తప్పలేదా?"

"తప్పలేదు" అన్నాను. అలా చెప్పినప్పుడు నాకు గర్వంగానే ఉంది శౌరీ. అది నీ గురించి కూడా.

ఆవిడ పుస్తకం ఆ రోజుకి అడిగి తీసుకుని, మర్నాడు ఫోన్ చేసింది. 2007 జనవరిలో ఇక్కడ గడ్డకట్టే చలి వచ్చి నా వైపు పూతలన్నీ మూడు వారాలు వెనక్కి పోయాయి. ఆ ఏడు పాదువాలో మాత్రం ఏ మార్పూ లేదు. ప్యాట్ తను తీసుకున్న కాపీలో ఆ రెండు కాలమ్స్ పక్కన ఎర్ర పెన్సిల్‌తో గీత గీసింది. "ఇది చాలా ముఖ్యం" అంది. ఏడేళ్ళ పట్టిక తయారుచేసి ఇస్తే గార్డెన్ బులెటిన్‌లో నీ పేరు, నా పేరు వేసి అచ్చువేస్తారట. ఏడేళ్ళకి తక్కువైతే వాళ్ళ ఎడిటర్ ఒప్పుకోడట.

ఇంకోటి. ప్యాట్‌కి అసిస్టెంట్‌ని తీసుకుంటున్నారు. వారానికి ఇరవై గంటలు. అప్లికేషన్ జనవరి 31 లోపల పెట్టాలి. నాకు గ్రీన్ కార్డ్ పోయినేడే వచ్చింది కాబట్టి పెట్టొచ్చు. "ఆ పట్టిక జతచెయ్, దానికి మించిన అర్హత నేను అడగను" అంది ప్యాట్.

మా ఆయన చక్రధర్ విని ఒకటే నవ్వు. "ఏడేళ్ళు ఉత్తరాల మీద పూలు లెక్కపెట్టినవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరుంటారోయ్? నీకు కాంపిటీషనే లేదు" అన్నారు. నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఫారాల్లో వృత్తి అన్నచోట ఇంతవరకు గీత పెడుతూ వచ్చాను. ఈ ఉద్యోగం నాకు కావాలి. ఇంతకుముందు దేన్నీ ఇలా కావాలని ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను.

2008 సంవత్సరం ముగియడానికి గింకో ఆకు పసుపు తిరిగిన తేదీ ఒక్కటే మిగిలింది. మర్చిపోకు.

గిరిజ


పాదువా
2008 నవంబర్ 3

ఒసేయ్ గిరీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించడానికి, రెండోసారి నువ్వు నిజంగానే "నాకు కావాలి" అని రాశావా లేదా చూడ్డానికి. రాశావు! కాలేజీలో క్యాంటీన్ బోండా కావాలని కూడా నోరు తెరిచి అడగని దానివి. నేను కొనుక్కుంటే సగం తుంచుకునేదానివి.

ఆ గడ్డిటోపీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. కానీ తల్లీ, అచ్చులో నా పేరు వెయ్యొద్దు. మా సిస్టర్లకి అలాంటివి నచ్చవు. పువ్వులు దేవుడివి, చూసింది నేను, రాసింది నువ్వు. నీ పేరు చాలు. ఇంకో మాట, కోప్పడకుండా విను. ఏడేళ్ళే ఎందుకు? ఐదేళ్ళవి ఇవ్వరాదా? మొదటి ఐదూ మంచివి. ఎక్కువైతే చదివేవాళ్ళకి విసుగు. ఎడిటర్లు మొదట అలాగే బెట్టుచేస్తారు, తర్వాత దిగివస్తారు.

అంజూరం: సెప్టెంబర్ 4.
గింకో: అక్టోబర్ 30. చెట్టు మొత్తం ఒకేసారి పసుపైంది. కింద రాలిన ఆకుల మీద ఒక ముసలాయన కుక్కతో నిలబడి ఉన్నాడు. ఎండ లేకపోయినా అక్కడ మాత్రం ఎండ ఉన్నట్టుంది.

ఇక్కడ చలి మొదలైంది. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని నడుస్తుంటే అచ్చం మన హాస్టల్ వార్డెన్‌లా ఉన్నాను. చక్రధర్ గారిని, మీ అమ్మాయి నమ్రతని అడిగానని చెప్పు.

శౌరి


డబ్లిన్, కాలిఫోర్నియా
2008 డిసెంబర్ 4

శౌరమ్మకి,

నమ్రత థాంక్స్‌గివింగ్ సెలవులకి కాలేజీ నుంచి వచ్చింది. నేను పట్టిక చేత్తో గీస్తుంటే చూసి, "అమ్మా, వై బై హ్యాండ్? ఎక్సెల్‌లో పెట్టు, అది ఏ డేనో కూడా చెప్తుంది" అని ల్యాప్‌టాప్ తెచ్చింది. నేను తేదీలు చదివాను, తను టైప్ చేసింది. తేదీ పక్కన వారం దానంతటదే వస్తుంది.

2002 నుంచి 2006 వరకు నీ కాలమ్‌లో అన్నీ గురువారాలే. అలాగే ఉండాలి.

2007 మొదలుపెట్టగానే నమ్రత ఆగింది. "అమ్మా, ఇది మొత్తం వెడ్నెస్‌డే వస్తోంది. ఆంటీ డే ఆఫ్ మార్చుకుందా?" అంది.

నేను తప్పు చదివానేమోనని నీ ఉత్తరాలు తీసి ఒక్కొక్కటే మళ్ళీ చూశాను. తప్పు చదవలేదు. బాదం 2007లో మార్చి 7. 2002లో కూడా మార్చి 7. విస్టీరియా 2007లో ఏప్రిల్ 11. 2002లో కూడా ఏప్రిల్ 11. ఇరవై రెండు మొక్కలకీ అంతే.

2008 వెంటనే తెలియలేదు, ఎందుకంటే మార్చి నుంచి అన్నీ గురువారాలే పడ్డాయి. కానీ జనవరి 9న చలికాలంలో పూసే చైమొనాంథస్ పూసిందని రాశావు, అది బుధవారం. అప్పుడు 2003 తేదీలు తీసి 2008 పక్కన పెట్టి చూశాను. మాగ్నోలియా జూన్ 5, అక్కడా జూన్ 5. అంజూరం సెప్టెంబర్ 4, అక్కడా అదే. ఈ రెండేళ్ళకీ మార్చి నుంచి తేదీలూ వారాలూ కలుస్తాయి. 2008లో ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువ కాబట్టి అంతకుముందు మాత్రం కలవవు.

మొక్కలు ఐదేళ్ళ తర్వాత సరిగ్గా అదే తేదీకి పూయవని నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక మొక్క పూస్తే పూయవచ్చు. ఇరవై రెండూ పూయవు.

2007, 2008 సంవత్సరాల్లో నువ్వు తోటకి వెళ్ళావా? వెళితే ఏ తేదీల్లో? వెళ్ళకపోతే ఎందుకు చెప్పలేదు? వీటికి జవాబు రాయి. పట్టిక ప్యాట్‌కి ఇంకా ఇవ్వలేదు. గడువు జనవరి 31.

గిరిజ


బెల్లూనో దగ్గర
2008 డిసెంబర్ 19

గిరీ,

పైన ఊరి పేరు చూశావు కదా. ఈసారి నిజం పేరే.

కాలేజీలో నీ ప్రాక్టికల్ రికార్డు చూసి కాపీ కొట్టేదాన్ని. ఆఖరికి నన్ను నేనే కాపీ కొట్టుకుని నీకు దొరికిపోయాను. బుధవారాల సంగతి నా బుర్రకి తట్టనేలేదు. అదీ నా తెలివి.

2006 అక్టోబర్ ఆఖర్లో పాదువా ఇంట్లో పైఅంతస్తు మూసేశారు. ముసలి సిస్టర్లలో కొందరు పోయారు, కొందర్ని వేరే చోటికి పంపారు. నన్ను ఈ కొండ ఊరికి పంపారు. రిటైరైన ఫాదర్లు తొమ్మిది మంది ఉంటారు. వాళ్ళకి స్నానాలు, మందులు, మధ్యాహ్నం సూపు. పాదువాకి ఇక్కడినుంచి బస్సు, తర్వాత రైలు, అంతా మూడు గంటలు. ఈ రెండేళ్ళలో రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఈ దేశంలో ఉండే పర్మిట్ కాగితాల పనిమీదే. లైన్లో నిలబడేసరికే రోజు అయిపోయింది. తోట గేటు కూడా చూడలేదు. ఉత్తరాలు రాసి పాదువాలో ఉన్న సిస్టర్ అగ్నేసేకి పంపేదాన్ని, ఆవిడ అక్కడ పోస్టు చేసేది. నీవి వస్తే నాకు పంపేది. పాపం, ఆవిడకి ఏమీ తెలియదు. కొండ ఊళ్ళో పోస్టు సరిగా ఉండదేమో అనుకుంది.

ఎందుకు చెప్పలేదని అడిగావు. మొదటి నెల చెప్పబోయాను. కాగితం మీద "గిరీ, నన్ను మార్చేశారు" అని రాశాను కూడా. అదే రోజు నీ ఉత్తరం అందింది. "ఐదేళ్ళు పూర్తయ్యాయి, ఇక ఒక్క గురువారం కూడా పోనివ్వకు" అని ఉంది అందులో. నేను రాసిన కాగితం చింపేశాను.

నువ్వు ఏమనుకున్నా సరే, ఒకటి చెబుతాను. ఇక్కడ తెలుగు లేదు. ప్రార్థన ఇటాలియన్, వంట ఇటాలియన్, ముసలి ఫాదర్ల తిట్లు కూడా ఇటాలియనే. నెలకోసారి వచ్చే నీ కవరు ఒక్కటే తెలుగు. పూలు ఆగిపోతే కవరు ఆగిపోతుందనిపించింది. తప్పుగా అనుకున్నానంటావా? నువ్వు రాసినవాటికి జెరాక్స్ ఉంచుకుంటావు కదా. తీసి చూడు. ఈ రెండేళ్ళలో నన్ను గురించి నన్ను ఎన్నిసార్లు అడిగావో చూసుకో.

పాత డైరీలు రెండు నా దగ్గరుండిపోయాయి, 2002ది, 2003ది. తేదీలు అందులోంచి ఎత్తాను. మిగతా అంతా కళ్ళు మూసుకుని చూసి రాసిందే. గోడ లోపల ఏ పాదు పక్కన ఏ పాదుందో, గాజు ఇంట్లో ఆ ముసలి తాటి చెట్టు ఎటు వాలిందో, అన్నీ కనబడతాయి. రాసేటప్పుడు అబద్ధమాడుతున్నట్టే అనిపించేది కాదు. పోస్టులో వేశాక అనిపించేది.

నీ ఉద్యోగం సంగతి తెలిసినప్పటినుంచి తిన్నది ఒంటబట్టడం లేదు. ఐదేళ్ళవి ఇమ్మని అందుకే అన్నాను. నిజం చెప్పే ధైర్యం లేక సలహా చెప్పాను.

శౌరి


డబ్లిన్, కాలిఫోర్నియా
2009 జనవరి 8

శౌరీ,

నీ ఉత్తరం డిసెంబర్ 30న అందింది. వెంటనే జవాబు రాయలేదు. రాస్తే బాగుండేది కాదు.

మా ఆయనకి చెప్పాను. ఆయన టీవీ మ్యూట్ చేసి, "ఇటలీ వెళ్ళి చూసొచ్చేదెవరు? ఆ తేదీల్ని రెండ్రోజులు ముందుకో వెనక్కో జరిపెయ్, గురువారాలు చేసెయ్, అయిపోతుంది" అన్నారు.

"అబద్ధం అవుతుందండీ" అన్నాను.

"అబద్ధం ఆవిడ ఆడింది, నువ్వు కాదుగా. ఏడేళ్ళు హెచ్-4 మీద ఇంట్లో కూర్చోబెట్టాను నిన్ను. ఇప్పుడొక బుధవారం మూలాన కూర్చుంటానంటే నేనేం చెయ్యాలి?"

ఆయన నా మీద ప్రేమతోనే అన్నారు. అందుకే నాకు కష్టమైంది. ఆయన మాట ప్రకారం చెయ్యడానికి గంట చాలు. చెయ్యగలనా అని చూడ్డానికి కాగితం తీసి బాదం పక్కన మార్చి 8 అని రాశాను కూడా. అది చాలా మామూలుగా కనబడింది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ కాగితం చింపలేదు, కొట్టెయ్యలేదు, సొరుగులో పెట్టాను.

మర్నాడు గురువారం. పుస్తకం తీసుకుని గార్డెన్‌కి డ్రైవ్ చేసి పార్కింగ్‌లో నలభై నిమిషాలు కూర్చున్నాను. ప్యాట్ ఆఫీసు కిటికీ కనబడుతోంది. లోపలికి వెళ్ళకుండా వచ్చేశాను. ఏడేళ్ళలో నేను పని ఎగ్గొట్టిన గురువారం అదొక్కటే.

నన్ను ముఖ్యంగా బాధపెట్టేది 2007. ప్యాట్ ఎర్ర పెన్సిల్‌తో గీసింది దాన్నే. ఇక్కడ చలి వచ్చినా పాదువాలో మార్పు లేదని ఆవిడ నలుగురికి చెప్పింది. అది మార్పు లేకపోవడం కాదు, నువ్వు లేకపోవడం. 2007లో అక్కడ నిజంగా చలి ఎలా ఉందో నీకు గుర్తుంటే రాయి. కావలసింది నిజం, ఊహ కాదు.

నా ఉత్తరాల జెరాక్సులు తీసి చూడమన్నావు. చూశాను. 2006 నవంబర్ నుంచి ఇరవై ఆరు రాశాను. మొక్కల గురించి అడిగినవి లెక్కపెట్టలేదు, చాలా ఉన్నాయి. నీ గురించి అడిగినవి రెండు. 2007 ఏప్రిల్‌లో, "నీ మోకాలు ఎలా ఉంది? తోట దాకా నడవగలుగుతున్నావా?" 2008 మేలో, "గొడుగు కొనుక్కోకూడదూ? కాగితం తడిసి తేదీ అలుక్కుపోయింది."

రెండూ నీ గురించి కాదు. తోట గురించే. ఒప్పుకుంటున్నాను.

అయినా నాకు కోపంగా ఉంది. నేను అడగకపోవడం ఒక తప్పు. నువ్వు కల్పించి రాయడం ఇంకో తప్పు. ఒకదానికి ఒకటి చెల్లు అనుకోవడం నాకు రావడం లేదు.

ఏం చెయ్యాలో ఇంకా నిర్ణయించుకోలేదు.

గిరిజ


బెల్లూనో దగ్గర
2009 జనవరి 19

గిరీ,

నువ్వు గురువారం ఎగ్గొట్టావంటే నాకు భయమేసింది. ఉత్తరం నిండా తిట్లే రాసినా ఇంత భయమేసేది కాదు.

ముందు నువ్వడిగింది. 2007లో ఇక్కడ చలే లేదు. అందరూ ఆశ్చర్యపోయారు. ఈ కొండల్లోనే జనవరిలో గడ్డిలో పూలు కనబడ్డాయి, ఫాదర్లు కోట్లు విప్పి బయట కూర్చున్నారు. కాబట్టి కింద పాదువాలో అన్నీ ముందే పూసి ఉండాలి. ఎన్ని రోజులు ముందో నేను చెప్పలేను. చూడలేదు. నీ గడ్డిటోపీ ఆవిడ గీత మాత్రం తప్పే.

ఈ కవర్లో ఇంకో కాగితం ఉంది. ఇంగ్లీషులో రాశాను. తప్పులుంటే దిద్దకు, అలాగే ఇవ్వు. "ఆ రెండేళ్ళ తేదీలు నేను కల్పించి పంపాను, గిరిజకి తెలియదు, ఆమె తప్పు ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టి, మా హౌస్ స్టాంప్ కూడా వేశాను. స్టాంప్ కావాలంటే మా పెద్ద సిస్టర్‌కి కారణం చెప్పాలి. చెప్పాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "రెండేళ్ళా?" అంది. నెల రోజులు ఉత్తరాలు ఆవిడ చూశాకే పోస్టుకి వెళ్ళాలంది. తెలుగు ఆవిడకి రాదు. అయినా చూస్తుంది. ఇది కూడా చూసింది. గుండ్రటి అక్షరాలు బాగున్నాయంది.

కన్ఫెషన్‌కి కూడా వెళ్ళాను. ఇక్కడ ఒక ఫాదర్ ఉన్నాడు, ఎనభై ఆరేళ్ళు, చెవులు సరిగా వినబడవు. పాపం చెబితే ఊరంతా వినబడేలా మళ్ళీ అడుగుతాడు. "పూల గురించి అబద్ధమా? పూయని పూలు పూశాయన్నావా?" అని అరిచాడు. బయట వంటావిడ నవ్వడం నాకు వినబడింది. తర్వాత మాత్రం గొంతు తగ్గించి, "ఆ పూలు ఎవరికోసం పూయించావు?" అన్నాడు. 

ఆ కాగితం ఇవ్వు గిరీ. తప్పు నాదని తేలితే నీకు ఉద్యోగం ఇవ్వకపోవడానికి వాళ్ళకి కారణమేముంటుంది? నన్ను ఎవరేమనుకున్నా బెల్లూనో దాకా వినబడదు.

శౌరి


డబ్లిన్, కాలిఫోర్నియా
2009 మార్చి 12

శౌరీ,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీ కవరు జనవరి 29న అందింది. అప్లికేషన్‌కి ఇంకా రెండు రోజులుంది. సొరుగులోంచి మార్చి 8 అని రాసిన కాగితం తీసి చింపాను. పట్టిక కొత్తగా చేశాను. ఏడేళ్ళకీ గళ్ళు ఉంచి, 2007, 2008లో నీ వైపు ఖాళీగా వదిలాను. నా వైపు నింపాను. అలాగే పెట్టాను.

ఇంటర్వ్యూ ఫిబ్రవరి 19న. ప్యాట్, ఇంకో ఇద్దరు బోర్డు మెంబర్లు కూర్చున్నారు. ఖాళీ గళ్ళు చూడగానే ప్యాట్ కళ్ళద్దాలు తీసింది.

"ఈ రెండేళ్ళేమయ్యాయి? పోయిన అక్టోబర్‌లో నీ పుస్తకంలో నేను చూశాను కదా."

"అవి సరైనవి కావు. తీసేశాను."

"రెండూనా? 2007 కూడానా?"

"2007 కూడా."

ఆవిడ తన ఫైల్లోంచి ఎర్రగీత ఉన్న కాపీ తీసి చూసుకుంది. ఒక బోర్డు మెంబర్ ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపింది. తర్వాత వాళ్ళ ఫారం ఒకటి నా ముందు పెట్టింది. రికార్డుల్లో ఏదైనా లోపిస్తే అది నింపాలి. మొక్క పేరు, సంవత్సరం, లోపించడానికి కారణం. నీ ఇంగ్లీషు కాగితం నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. జిప్పు కూడా తీశాను. ఫారంలో కారణం అన్నచోటికి వచ్చేసరికి ఆ కాగితం చాలదనిపించింది. అందులో నా తప్పు ఏమీ లేదని ఉంది. అది నిజం కాదు.

కాబట్టి నేనే రాశాను: "చూసే వ్యక్తి 2006లో ఊరు మారారు. రాసుకునే వ్యక్తి రెండేళ్ళపాటు అడగలేదు."

ప్యాట్ చదివింది. "ఇంత రాయక్కర్లేదు గిరిజా. సమాచారం లేదంటే చాలు" అంది.

"కారణం రాయమని గడి ఉంది కదా" అన్నాను.

ఆవిడ ఫారం తన ఫైల్లో పెట్టుకుంది. కాఫీ తాగుతావా అని అడిగింది. వద్దన్నాను. తర్వాత కారు దాకా వచ్చి, తేదీలు కల్పించినవా అని నెమ్మదిగా అడిగింది. అవునన్నాను. ఎందుకు అంది. నాకు ఉత్తరాలు రాయడం కోసం అన్నాను. ఆవిడ టోపీ సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఉద్యోగం నాకు రాలేదు. ఫిబ్రవరి ఆఖర్లో ఫోన్ చేసి చెప్పారు. డేవిస్ యూనివర్సిటీలో చదువుకున్న ఒకావిడకి ఇచ్చారు. మర్యాదగానే చెప్పారు. బులెటిన్‌లో వ్యాసం కూడా లేదు, ఐదేళ్ళు చాలవన్నారు. ఖాళీ గళ్ళతో సహా ఆ పట్టిక వాళ్ళ ఆఫీసు ఫైల్లో ఉంటుంది. దాని మీద నీ పేరుంది. అడగకుండానే వేశాను, ఎందుకంటే ఐదేళ్ళు చూసింది నువ్వే.

మా ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "నీ ఫ్రెండ్‌ని బాగా తిట్టావా?" అన్నారు. లేదన్నాను. "నేను తిడతాను, అడ్రస్ ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. ఆయన ఉత్తరం రాయరు, నీకు తెలుసు, భయపడకు.

నేను మళ్ళీ వాలంటీర్‌గా వెళుతున్నాను. కొత్తావిడకి పలకలు ఎక్కడెక్కడున్నాయో నేనే చూపిస్తున్నాను. చురుకైన మనిషి. ఆవిణ్ణి చూస్తే నాకు మంచి అనిపించడం లేదు, చెడ్డా అనిపించడం లేదు. వృత్తి అన్నచోట ఇంకా గీతే పెడుతున్నాను.

నీ కాగితం ఇందులో తిరిగి పంపుతున్నాను. మీ పెద్ద సిస్టర్‌కి ఇచ్చెయ్. వాడలేదని చెప్పు.

నీ గురించి కొన్ని అడుగుతున్నాను. ఆ తొమ్మిది మంది ఫాదర్లలో నిన్ను ఎక్కువ తిట్టేది ఎవరు? స్నానాలు చేయించేటప్పుడు ఎత్తడానికి ఇంకెవరైనా ఉన్నారా, ఒక్కదానివేనా? నీకు వేరే గది ఉందా? పాదువా నుంచి పంపిన రోజు నీతో స్టేషన్‌కి ఎవరైనా వచ్చారా? మోకాలు ఎలా ఉంది?

కోపం పోయాక రాద్దామనుకున్నాను శౌరీ. ఎన్నాళ్ళు పడుతుందో తెలియడం లేదు. అందుకని కోపం ఉండగానే రాస్తున్నాను.

గిరిజ